సాలూరుకు ఫిలదెల్ఫియ అనే పేరు ఎలా వచ్చింది?



మా రేడియో కార్యక్రమం విన్న ఒక యౌవనస్థుడు మక్కువ వైపు నుండి ఉత్తరం రాశాడు. డిగ్రీ పూర్తయిందట. "అయ్యగారూ, ఏదైనా విదేశీ సేవాసంస్థలో చేరి పేదలకు సేవ చేయాలని నాకు భారం ఉంది. ఎవరిని కలవాలి? ఇంగ్లీషు బాగా రావాలా? హైదరాబాదు వెళ్ళాలా?" అని అడిగాడు. ఆ ఉత్తరానికి రేడియోలో పదిహేను నిమిషాలు జవాబు చెప్పాను. సమయం చాలక వదిలేసిన సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిని కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఆ తమ్ముడు అడిగినదానికి జవాబు హైదరాబాదులో లేదు. బస్సెక్కితే కాసేపట్లో చేరే సాలూరులోనే ఉంది. గుమ్మం ముందున్న చరిత్ర మనకు కనబడదు కదా!

సాలూరు అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? లారీలు గుర్తొస్తాయి. వేగావతి నది గుర్తొస్తుంది. ఊరు దాటగానే మొదలయ్యే ఘాట్ రోడ్డు, ఆ రోడ్డు మీద కోరాపుట్, జయపురం, ఇంకా పైకి రాయపూర్ వరకు పోయే బండ్లు గుర్తొస్తాయి. బొబ్బిలి నుండి నడిచిన రైలుబస్సు కొందరికి గుర్తుండవచ్చు. మా తరం వారికి ఇంకొకటి కూడా గుర్తుంటుంది గాని పైకి అనరు. ఎవరైనా "సాలూరు ఆసుపత్రికి" వెళ్ళారని తెలిస్తే మా పెద్దలు గొంతు తగ్గించి మాట్లాడేవారు. కుష్టు అనే మాట నోటితో పలికేవారు కాదు. "పెద్ద జబ్బు" అనేవారు, అంతే. ఆ ఆసుపత్రి పేరు ఫిలదెల్ఫియ. ప్రకటన గ్రంథంలోని ఏడు సంఘాలలో ఒకదాని పేరు అది. గ్రీకు భాషలో సహోదర ప్రేమ అని అర్థం. ఊరివారు పేరెత్తడానికే భయపడిన చోటికి ఎవరో ఆలోచించే ఆ పేరు పెట్టారు.

ఈ ఆసుపత్రి వెనుక రెండు కథలున్నాయి. ఒకటి ఐర్లండులో మొదలైంది, ఇంకొకటి జర్మనీలో. రెండూ వచ్చి మన కొండల కింద కలిశాయి. ముందు ఐర్లండు సంగతి చెబుతాను.

వెల్స్‌లీ బెయిలీ అనే ఐరిష్ యువకుడు ఉద్యోగం వెతుక్కుంటూ ఇండియా వచ్చాడు. పోలీసు శాఖలో చేరాలని అతని ఆలోచన. చివరకు 1869లో పంజాబులోని అంబాలాలో అమెరికన్ ప్రెస్బిటేరియన్ మిషన్ వారి బడిలో ఉపాధ్యాయుడయ్యాడు. అక్కడ డాక్టర్ మోరిసన్ అనే మిషనరీ ఒకరోజు అతణ్ణి దగ్గరలో ఉన్న కొన్ని పాకల దగ్గరకు తీసుకువెళ్ళాడు. కుష్ఠరోగులు ఉండే పాకలవి. వేళ్ళు లేని చేతులు, కళ్ళు పోయిన ముఖాలు చూసి ఆ యువకుడు వణికిపోయాడు. వణికినా, మళ్ళీ వెళ్ళాడు. నన్నడిగితే ఈ చరిత్ర మొదలైంది అతను రెండోసారి వెళ్ళినప్పుడే. మొదటిసారి చూడటానికి ఎవరైనా వెళ్ళగలరు.

1874లో బెయిలీ, అతని భార్య ఆలిస్ సెలవు మీద ఐర్లండు వెళ్ళారు. డబ్లిన్ పక్కన మంక్‌స్టౌన్ అనే చోట పిమ్ అనే ఇంటిపేరు గల ముగ్గురు అక్కచెల్లెళ్ళ ఇంట్లో దిగారు. వారి స్నేహితులకు తాను చూసినదంతా బెయిలీ చెప్పాడు. అప్పట్లో ఒక రోగిని సంవత్సరమంతా పోషించడానికి 6 పౌండ్లు సరిపోయేవి. ఆ అక్కచెల్లెళ్ళు సంవత్సరానికి 30 పౌండ్లు పోగుచేసి పంపుతామని మాట ఇచ్చారు. అయిదుగురు రోగులకు సరిపడే సొమ్మన్నమాట. బెయిలీ చెప్పిన సంగతులను చిన్న పుస్తకంగా అచ్చువేసి పంచేసరికి మొదటి సంవత్సరమే దాదాపు 600 పౌండ్లు వచ్చాయి. ఆ విధంగా "మిషన్ టు లెపర్స్" అనే సంస్థ పుట్టింది. 1965లో దాని పేరును "ది లెప్రసీ మిషన్" అని మార్చారు. లెపర్ అనే మాట మనిషికి అంటించిన ముద్ర అని వారు తెలుసుకున్నారు. తెలుసుకోవడానికి తొంభై ఏళ్ళు పట్టింది. మన సంఘాలలో కొందరికి ఇంకా పట్టలేదు.

మాట ఇచ్చిన రోజున ఆ ముగ్గురు అక్కచెల్లెళ్ళు సాలూరు అనే పేరు విని ఉండరు. వారు పోగుచేసింది చిల్లర కానుకలు. అయినా, కొత్త ఊరిలో తన జెండా పాతడం ఆ సంస్థ ముఖ్య పద్ధతి కాదు. అప్పటికే ఆ ఊరిలో పనిచేస్తున్న మిషన్ ఏదైనా ఉంటే, అది ఏ సంఘానిదైనా సరే, ఆ మిషన్ చేతికే డబ్బిచ్చి రోగులను చూడమనేవారు. అందుకనే సాలూరులో లూథరన్లతో చేయి కలిపారు.

ఇక రెండో కథకు వద్దాం. జర్మనీ ఉత్తరపు కొసన, డెన్మార్కు సరిహద్దుకు దగ్గరలో బ్రెక్లుమ్ అనే పల్లె ఉంది. అక్కడి పాస్టరు క్రిస్టియన్ యెన్సన్ 1876లో ఒక మిషన్ ప్రారంభించాడు. పల్లెటూరి రైతులు కానుకలు ఇచ్చి నడిపిన మిషన్ అది. ఆ మిషన్ పంపిన ఎర్నస్ట్ పోల్, హెర్మన్ బోత్‌మన్ అనే ఇద్దరు యువకులు 1882లో జయపురం సంస్థానంలోని కోరాపుట్‌లో అడుగుపెట్టారు. కొండ జ్వరాలు వారిని విడిచిపెట్టలేదు. కొద్దికాలంలోనే ఘాటు దిగి సాలూరులో కూడా కేంద్రం పెట్టారు. ఆ తరువాత పార్వతీపురం వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాలలో ఈ లూథరన్లు సాలూరులో కుష్ఠరోగులకు ఒక ఆశ్రయం కట్టారు. దానికి "మిషన్ టు లెపర్స్" సహాయం అందింది. ఫిలదెల్ఫియ ఆసుపత్రి అయినది అదే.

ఇలాంటివి మన తెలుగు నేల మీద ఇంకా ఉన్నాయి. రామచంద్రపురంలో కెనడియన్ బాప్టిస్టులు, బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ వారు, నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో మెథడిస్టులు నడిపారు. డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ చేసిన పని మరొక వ్యాసానికి చాలుతుంది. ఇప్పుడు మన సంగతి సాలూరు గనుక అక్కడికే వెళ్దాం.

ఆ రోజులలో చట్టం ఏమిటో కూడా మీరు తెలుసుకోవాలి. 1898లో బ్రిటిషు ప్రభుత్వం కుష్ఠరోగుల చట్టం తెచ్చింది. ఆ చట్టం అమలు చేసిన ప్రాంతాలలో, పుండ్లతో వీధిలో అడుక్కునే రోగిని పోలీసులు వారంటు లేకుండా పట్టుకుని ఆశ్రమానికి పంపవచ్చు. రోగి తినే వస్తువులు అమ్మకూడదు. నిషేధించిన బావిలో, చెరువులో నీళ్ళు తోడకూడదు. రైలు తప్ప ఇంకే బాడుగ బండీ ఎక్కకూడదు. ఈ చట్టాన్ని మన పార్లమెంటు రద్దు చేసింది ఎప్పుడో తెలుసా? 2016లో! నూటపద్దెనిమిది ఏళ్ళు అది పుస్తకాలలో ఉండిపోయింది. భార్యకో భర్తకో కుష్టు ఉంటే విడాకులు తీసుకోవచ్చన్న నిబంధన పోయింది 2019లో.

ఆశ్రమాలు ఆశ్రయం ఇచ్చిన మాట నిజం. కాని నిజమంతా చెప్పాలి గనుక ఇది కూడా రాస్తున్నాను. ఆ కాలపు మిషన్ ఆశ్రమాలలో ఆడవారిని, మగవారిని వేరువేరుగా ఉంచేవారు. భార్యాభర్తలైనా అంతే. రోగులకు పుట్టిన ఆరోగ్యవంతులైన బిడ్డలను తల్లి దగ్గర నుండి తీసి వేరే హోములో పెంచేవారు. మందు లేని రోజులు, బిడ్డకు అంటుతుందని భయం. అర్థం చేసుకోవచ్చు. కాని కిటికీలోనుండి బిడ్డను చూసుకున్న తల్లికి మన అర్థం చేసుకోవడంతో పని ఏమిటి? మంచి మనసుతో చేసిన పనిలో కూడా గాయం చేయవచ్చు. సేవ చేయాలనుకునే తమ్ముడికి ఈ సంగతి ముందే తెలియడం మంచిది. తరువాత తెలిస్తే సేవ మీదే కోపం వస్తుంది.

మందు లేదన్నాను. క్రిమి మాత్రం అప్పటికే దొరికింది. 1873లో నార్వే దేశంలో హాన్సన్ అనే డాక్టరు దానిని కనిపెట్టాడు. పాపఫలం కాదు, రక్తంలో వచ్చే శాపం కాదు, క్రిమి అని తేలింది. అయినా మందు రావడానికి డెబ్బై ఏళ్ళు పట్టింది. అంతవరకు ఉన్నది చాల్‌మూగ్రా నూనె ఒక్కటే. దానిని సూదితో చర్మంలోకి ఎక్కించేవారు. నొప్పి విపరీతం. గుణం కొంచెం.

ఇంతలో 1914 వచ్చింది. ఇంగ్లండుకు, జర్మనీకి యుద్ధం. మన జిల్లాలలో ఉన్న జర్మన్ మిషనరీలు ఒక్కసారిగా శత్రుదేశస్థులైపోయారు. వారిని నిర్బంధించి, తరువాత ఓడలెక్కించి స్వదేశానికి పంపేశారు. వారి పని చూడమని రాజమండ్రి వైపున్న అమెరికన్ లూథరన్లకు అప్పగించారు. రెండో ప్రపంచయుద్ధంలో మళ్ళీ అదే జరిగింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. దొరగారు వెళ్ళిపోయారు. కొత్త దొరగారు ఎక్కడో దూరాన ఉన్నారు. ఆ మరునాడు పొద్దున్న వార్డులో పుండ్లు ఎవరు కడిగారు? అన్నం ఎవరు వండారు? రాత్రి మూలిగిన ముసలివాని దగ్గర ఎవరు కూర్చున్నారు? వారి పేర్లు ఏ నివేదికలోను పెద్ద అక్షరాలతో కనబడవు. ఈ ఊరివారు, ఈ చుట్టుపక్కల పల్లెలవారు తప్ప ఇంకెవరుంటారు? కొంత నయమైన రోగులే మిగిలిన రోగులకు కట్లు కట్టడం అన్ని ఆశ్రమాలలోను ఉన్న వాడుక. విదేశీ సంస్థ అంటాం. డబ్బు విదేశానిదే. కాని ఆ చేతులు ఇక్కడివే. తమ్ముడు రాసిన ఉత్తరంలో "విదేశీ" అనే మాట చదివినప్పుడు నాకు మొదట తోచినది ఇదే.

స్వాతంత్ర్యం వచ్చే నాటికి డాప్సోన్ మందు వచ్చింది. అదే డి.డి.ఎస్. మాత్ర. అది చవక, నోటితో మింగేది. అదే సమయంలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ పాల్ బ్రాండ్ ఒక గొప్ప సంగతి కనిపెట్టాడు. కుష్టు వేళ్ళను తినేయదు. నరాన్ని చంపుతుంది. నరం చచ్చిన చేతికి నొప్పి తెలియదు. నొప్పి తెలియని చేయి వేడి గిన్నెను దించకుండా పట్టుకుంటుంది, కాలు మేకు దిగినా నడుస్తూనే ఉంటుంది, పుండు పడినా విశ్రాంతి తీసుకోదు. అలా కొంచెం కొంచెంగా వేళ్ళు పోతాయి. రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్ళు కొరికినా రోగికి మెలకువ రాదని తెలిసి, ఆయన రోగులకు పిల్లులను పెంచుకోమని ఇచ్చాడు! నొప్పి దేవుడిచ్చిన వరమని ఆయన పుస్తకాలలో రాసింది ఈ అనుభవంతోనే. వంగిపోయిన వేళ్ళను ఆపరేషనుతో సరిచేయడం, మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు చేయడం వేలూరు, కరిగిరి నుండి దేశమంతా పాకింది. సాలూరు వంటి ఆసుపత్రులలో చెప్పులు కుట్టేవాడు కూడా వైద్యబృందంలో భాగమయ్యాడు.

ఆ చెప్పుల సంగతి కూడా చెప్పాలి. కాలిని కాపాడే ఆ నల్ల రబ్బరు చెప్పులను చాలామంది వేసుకోలేదు. ఎందుకో తెలుసా? ఆ చెప్పులు చూడగానే ఊరంతా "అదిగో, ఆ రోగం చెప్పులు" అని గుర్తుపట్టేవారు. కాలు పోయినా ఫరవాలేదు గాని పరువు పోకూడదని ఉత్త కాళ్ళతో నడిచినవారున్నారు. దానితో మామూలు బజారు చెప్పులలా కనబడేటట్లు వాటిని కుట్టవలసి వచ్చింది. దాతలు పంపిన సొమ్ముతో మంచి చెప్పు చేయవచ్చు. అది ఎవరు వేసుకుంటారో, ఎందుకు వేసుకోరో మాత్రం ఊరిలో తిరిగేవానికే తెలుస్తుంది.

డాప్సోన్ ఒక్కదానినే ఏళ్ళ తరబడి ఇచ్చేసరికి క్రిమి దానికి లొంగడం మానేసింది. అప్పుడు 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు మూడు మందులు కలిపి ఇవ్వాలని చెప్పారు. రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్. దీనినే ఎం.డి.టి. అంటారు. ఈ మూడింటిలో క్లోఫాజిమిన్ ఎక్కడ పుట్టిందో చూడండి. 1950లలో డబ్లిన్ నగరంలో విన్సెంట్ బారీ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు క్షయకు మందు వెతుకుతూ దానిని తయారుచేశారు. క్షయకు అప్పట్లో అంతగా పనికిరాలేదు, కుష్టుకు పనికొచ్చింది. డబ్లిన్! పిమ్ అక్కచెల్లెళ్ళు 30 పౌండ్లకు మాట ఇచ్చిన ఊరి పక్కనే. దీనిని దేవుని ఏర్పాటు అని నేను తొందరపడి అనను. కాని చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరకే కూర్చున్నాను.

మన దేశంలో ఎం.డి.టి.ని రోగం బాగా ఎక్కువగా ఉన్న జిల్లాలలో ముందు మొదలుపెట్టారు. మహారాష్ట్రలోని వార్ధా, బెంగాలులోని పురూలియా మొదటివి. 1980లలోనే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు కూడా అది వచ్చింది. ముందు వచ్చిందని సంతోషించనా, అంత రోగం మన దగ్గర ఉందని బాధపడనా?

మాత్రలు వచ్చాయి సరే, వాటిని ఎవరు తీసుకువెళ్ళాలి? ఇక్కడే పారామెడికల్ వర్కర్ వస్తాడు. మన వైపు అలా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనతో నేను ఒక సాయంత్రమంతా మాట్లాడాను. పేరు రాయవద్దన్నారు. సైకిలు, ఒక సంచి, ఒక రిజిస్టరు. ఆయనకిచ్చిన ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి ప్రతి మనిషి వంటినీ వెలుతురులో చూడాలి. బడిలో పిల్లల చొక్కాలు విప్పించి ఎండలో నిలబెట్టాలి. పాలిపోయిన మచ్చ కనబడితే కళ్ళు మూసుకోమని దూది కొసతో తాకి, "ఎక్కడ తాకానో వేలితో చూపించు" అనాలి. చూపించలేకపోతే అది మామూలు మచ్చ కాదు.

"అన్నిటికంటే కష్టమేమిటండీ?" అని అడిగాను.

"సైకిలు ఎక్కడ ఆపాలన్నదేనండీ," అన్నారాయన.

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. ఒక ఇంట్లో నడివయసు తల్లికి మచ్చలున్నాయి. మాత్రలు తీసుకువెళ్ళిన రెండో నెల ఆమె చేతులు జోడించింది. "బాబూ, మా గుమ్మం ముందు సైకిలు ఆపకండి బాబూ. నలుగురూ సూత్తారు. మా పిల్లకి సమ్మందం కుదిరీలాగుంది." ఆ నెల నుండి ఆయన ఆ వీధిలో ప్రతి ఇంటి ముందూ సైకిలు ఆపడం మొదలుపెట్టారు. ప్రతి ఇంట్లో మంచినీళ్ళు అడిగి తాగారు. ఆ తల్లి ఇంట్లో కూడా ఆమె చెంబుతోనే తాగారు. ఏ ఇంటికి మందు వచ్చిందో వీధికి తెలియలేదు. పిల్ల పెళ్ళి అయిపోయింది.

ఇంకొక చిక్కు. రిఫాంపిసిన్ మింగిన రోజు మూత్రం ఎర్రగా వస్తుంది. "రత్తం పోతోంది బాబూ, మీ మాత్ర నాకొద్దు" అని ఒక ముసలాయన మాత్రల అట్టను తిరిగి ఇచ్చేశాడట. క్లోఫాజిమిన్‌తో ఒళ్ళు నల్లబడుతుంది. తెల్లగా ఉన్న కోడలు నల్లబడితే అత్తగారు ఊరుకుంటుందా? వీటన్నిటికీ ఓపికగా జవాబు చెప్పాలి. ముందే చెప్పాలి. నెల తరువాత మళ్ళీ రావాలి. నెలకొకసారి మాత్రను ఎదురుగా మింగించాలి. అప్పట్లో ఎక్కువ క్రిములున్న రోగికి కనీసం రెండేళ్ళు. కొండ ఊళ్ళలో, అంటే పాచిపెంట పైన జాతాపుల, కొండదొరల పల్లెలలో, వానాకాలం గెడ్డలు పొంగితే సైకిలు భుజాన వేసుకుని దాటాలి. ఒకరోజు వెళ్ళకపోతే ఎవరూ అడగరు. కాని రోగి ఒక నెల మాత్ర తప్పిపోతుంది.

తమ్ముడు "ఇంగ్లీషు బాగా రావాలా" అని అడిగాడు కదా. ఇదే ప్రశ్న ఆ పెద్దాయనను అడిగాను. ఆయన నవ్వి, తనకు ఉపయోగపడినవి కొంచెం ఒడియా, కొంచెం కువి, కొంచెం సవర అన్నారు. సాలూరు ఆసుపత్రికి వచ్చే రోగులలో ఘాటు పైనుండి, కోరాపుట్ వైపు నుండి దిగివచ్చేవారు ఎందరో. వారితో ఇంగ్లీషు మాట్లాడి ఏం లాభం?

ఇంగ్లీషు అక్కరలేదని కూడా నేను అనను. ఫిలదెల్ఫియ ఆసుపత్రి నుండి కుష్టు వైద్యంపై పరిశోధనా వ్యాసాలు వైద్య పత్రికలలో వచ్చాయి. మన సాలూరు పేరు దేశదేశాల డాక్టర్లు చదివారు. రిజిస్టరు జాగ్రత్తగా రాసిన సైకిలు మనిషి లేకుండా ఆ వ్యాసాలు లేవు. లెప్రసీ మిషన్ కూడా 1970లలో ఇక్కడి ట్రస్టుగా నమోదై, భారతీయుల నాయకత్వంలోనే మన దేశంలో పని నడిపింది. ఫిజియోథెరపీ, నర్సింగు, చెప్పులు కుట్టడం, లెక్కలు రాయడం, బాగుపడిన రోగుల పిల్లలకు చేతిపని నేర్పడం, ఇవన్నీ ఆ సేవలో ఉద్యోగాలే. విజయనగరంలో ఆ మిషన్ వారి వృత్తి శిక్షణ కేంద్రంలో నేర్చుకుని మెకానిక్కులైనవారు, దర్జీలైనవారు ఉన్నారు.

ఇప్పుడు నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. నా చిన్నతనంలో మా వైపు ఒక సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు. రోగం ఎప్పుడో నయమైపోయింది. చేతివేళ్ళు మాత్రం వంగి ఉండేవి. ప్రభురాత్రి భోజనమప్పుడు ఆయనకు అందరికన్నా చివర, వేరే గిన్నెతో ఇచ్చేవారు. ఎవరూ ఆజ్ఞాపించలేదు. అలా జరిగిపోయేది. నేను పెద్దవాణ్ణయి ప్రసంగాలు చెప్పడం మొదలుపెట్టాక, మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ప్రభువు కుష్ఠరోగిని చేయి చాపి ముట్టిన సంగతి మీద ఎన్నోసార్లు మాట్లాడాను. ఆ పెద్దాయన ముందు కూర్చుని విన్నారు. ఆ వేరే గిన్నె గురించి మాత్రం నేను ఒక్కసారీ నోరు విప్పలేదు. ఆయన చనిపోయారు. జీతం తీసుకుని, బైబిలు పట్టుకోకుండా, ఆ తల్లి చెంబుతో నీళ్ళు తాగిన మనిషి ముందు కూర్చున్న ఆ సాయంత్రం నాకు ఈ గిన్నె గుర్తొచ్చింది.

చరిత్ర అనగానే ముగిసిపోయినదని అనుకోకండి. 2005 డిసెంబరు నాటికి మన దేశంలో పదివేల మందికి ఒక రోగి కంటే తక్కువయ్యారు. ప్రజారోగ్య సమస్యగా కుష్టు తొలగిపోయిందని ప్రభుత్వం ప్రకటించింది. అది నిజంగా గొప్ప విజయమే. కాని "తగ్గింది" అన్న మాటను మనం "పోయింది" అని విన్నాం. ఇంటింటి సర్వేలు తగ్గాయి. కుష్టుకే ప్రత్యేకంగా ఉన్న పని మామూలు ఆరోగ్య కేంద్రాలలో కలిసిపోయింది. దాతల చూపు వేరే రోగాల వైపు మళ్ళింది. 2023లో కూడా మన దేశంలో లక్షకు పైగా కొత్త రోగులు బయటపడ్డారు. ప్రపంచంలోని కొత్త రోగులలో సగానికంటే ఎక్కువమంది మనవారే. వారిలో చిన్నపిల్లలున్నారు. సాలూరు 2022 ఏప్రిల్ నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. కాగితం మీద జిల్లా మారింది. కొండ మీది పల్లెకు, ఆసుపత్రికి మధ్య ఉన్న దూరం మాత్రం అంతే ఉంది.

ఆ తమ్ముడికి విడిగా జాబు రాశాను. తన మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, కుష్టు పని చూసే ఉద్యోగి ఎవరో అడిగి, ఒక నెలపాటు ఆయన వెంట ఊళ్ళు తిరగమని రాశాను. ఆ నెల తరువాత కూడా భారం ఉంటే ఏ సంస్థకు దరఖాస్తు పెట్టాలో అప్పుడు మాట్లాడుకుందామన్నాను. జవాబు కోసం చూస్తున్నాను.

చదువరులారా, మీ ఇంట్లో ఎవరి ఒంటి మీదైనా చుట్టూ ఉన్న చర్మం కంటే పాలిపోయిన లేక ఎర్రబడిన మచ్చ ఉండి, దానికి స్పర్శ తెలియకపోతే, చేతులకు కాళ్ళకు తిమ్మిరి పట్టి విడవకపోతే, దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో చూపించండి. మాత్రలు ఉచితం. కొన్ని మచ్చలే ఉంటే ఆరు నెలలు, ఎక్కువ ఉంటే పన్నెండు నెలలు. మాత్రలు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటే భయం ఉండదు. గిన్నె వేరు చేయనవసరం లేదు.